ఇరవై ఒక్క సంఖ్యల ఉత్తరం

ఉప్పల్‌లో ఉన్న మీరు నాచారంలో ఉన్న స్నేహితునికి ఒక కార్డు రాశారనుకుందాం. దూరం కొద్ది కిలోమీటర్లే. అయినా చిరునామా చివర 500076 అని వేస్తారు. అతడు మీకు జవాబు రాస్తే 500039 అని వేస్తాడు. ఇది పిన్‌కోడ్ అని మీకు తెలుసు. 1972 ఆగస్టు 15న మన తపాలా శాఖ దీన్ని ప్రవేశపెట్టింది. ఉత్తరాలు వేరుచేసేవారు కార్డులోని సంగతులు చదవరు. 500 చూడగానే హైదరాబాదు ప్రాంతమని, మిగిలిన మూడంకెలు చూడగానే ఏ తపాలా కార్యాలయమో తెలుసుకుంటారు. ఏ అంకె ఏ స్థానంలో ఉంటే ఏమి అర్థమో ముందే ఒప్పందం చేసుకున్నారు కాబట్టే ఇది సాధ్యమయింది.

ఎలక్ట్రానిక్ సంగీత వాద్యాలు కూడా ఇలాంటి ఒప్పందంతోనే ఒకదానితో ఒకటి మాట్లాడుకుంటాయి. వినాయక చవితి పందిరిలోనో, మీ బడి వార్షికోత్సవంలోనో కీబోర్డు వాయించేవారిని మీరు చూసే ఉంటారు. నాచారంలోని రామకృష్ణ స్టూడియోను గాని, ఉప్పల్‌ను ఆనుకొని ఉన్న రామంతాపూర్‌లోని దూరదర్శన్ కేంద్రాన్ని గాని బయటి నుంచైనా చూసి ఉంటారు. సినిమా, టెలివిజన్‌ల కోసం సంగీతాన్ని తయారుచేసేవారికి నేడు కీబోర్డు, కంప్యూటరు నిత్యావసరాలు. ఈ యంత్రాల భాష పేరు మిడి. ఆ భాష నేర్చుకుంటే, కీబోర్డు తయారుచేసినవారు మీటగా అమర్చని ఆజ్ఞను కూడా మనమే రాసి దానికి పంపవచ్చు. ఈ పాఠం చివరికి మీరు అలాంటి ఉత్తరం ఒకటి రాయగలుగుతారు. అందులో ఉండేవి 21 సంఖ్యలు. అది కీబోర్డులోని గాంధారాన్ని సరిచేస్తుంది.

తీగలో పాట ఉండదు

1980 ప్రాంతంలో ఒక కంపెనీ వాద్యం మరో కంపెనీ వాద్యంతో కలిసి పనిచేయడం కష్టంగా ఉండేది. అమెరికాలో డేవ్ స్మిత్, జపాన్‌లో రోలాండ్ సంస్థ స్థాపకుడు ఇకుటారో కకెహాషి, మరికొందరు ఇంజనీర్లు కలిసి అందరికీ ఒకే భాష ఉండాలని తలపెట్టారు. 1983 జనవరిలో అమెరికాలోని అనహైమ్‌లో జరిగిన ప్రదర్శనలో రెండు వేర్వేరు కంపెనీల కీబోర్డులను ఒక తీగతో కలిపారు. ఒకదాని మీట నొక్కితే రెండోది కూడా పలికింది. ఈ కృషికి గాను ఆ ఇద్దరికీ 2013లో టెక్నికల్ గ్రామీ పురస్కారం లభించింది.

ఇక్కడ ఒక సంగతి గుర్తుంచుకోండి. ఆ తీగలో ధ్వని ప్రయాణం చేయదు. మైకు తీగలో ధ్వనికి అనుగుణంగా మారే విద్యుత్తు ప్రవహిస్తుంది. మిడి తీగలో పోయేవి సంఖ్యలు మాత్రమే. “ఫలానా మీట నొక్కారు, ఇంత జోరుగా నొక్కారు” అనే వార్త పోతుంది. ఆ వార్త అందుకున్న వాద్యం తన దగ్గరున్న ధ్వనిని పలికిస్తుంది. వార్త ఒకటే అయినా అందుకున్నది వీణ ధ్వని ఉన్న పెట్టె అయితే వీణ వినిపిస్తుంది, వేణువు ధ్వని ఉన్నదైతే వేణువు వినిపిస్తుంది.

మూడు బైట్లలో ఒక స్వరం

కీబోర్డు మధ్యలో ఉండే ‘సి’ మీటను నొక్కితే ఈ మూడు సంఖ్యలు బయలుదేరుతాయి:

144, 60, 100

మొదటిది ఆజ్ఞ. 144 అంటే “ఒకటవ చానెల్‌లో స్వరం మొదలుపెట్టు” అని అర్థం. రెండవది మీట సంఖ్య, మధ్య ‘సి’కి 60. మూడవది నొక్కిన జోరు. మీట వదలగానే స్వరం ఆపమనే మరో వార్త పోతుంది. మొత్తం 16 చానెళ్లు ఉన్నాయి. రెండవ చానెల్‌కు 145, మూడవదానికి 146, అలా పదహారవదానికి 159.

మరి ఏది ఆజ్ఞో, ఏది విలువో యంత్రానికి ఎలా తెలుస్తుంది? ద్విసంఖ్యామానంలో రాసి చూడండి. 144 అంటే 10010000. 60 అంటే 00111100. ఎడమవైపు మొదటి బిట్ 1 అయితే అది ఆజ్ఞ, 0 అయితే విలువ. కనుక 128 నుంచి 255 వరకు ఉన్న సంఖ్యలన్నీ ఆజ్ఞలు, 0 నుంచి 127 వరకు ఉన్నవి విలువలు. కీబోర్డుల తెరమీద పెద్ద సంఖ్యగా తరచు 127 ఎందుకు కనిపిస్తుందో ఇప్పుడు తెలిసింది కదా!

ఇక వేగం సంగతి. అయిదు పిన్నులుండే మిడి తీగలో సెకనుకు 31,250 బిట్లు పోతాయి. ఒక బైట్‌లో 8 బిట్లు ఉన్నా, మొదలు తెలిపే బిట్ ఒకటి, ముగింపు తెలిపేది ఒకటి కలిపి 10 పోవాలి. అంటే సెకనుకు 3,125 బైట్లు, ఒక్కొక్క బైట్‌కు 320 మైక్రోసెకన్లు. మూడు బైట్ల వార్తకు 960 మైక్రోసెకన్లు, అంటే సుమారు సెకనులో వెయ్యోవంతు. అందుకే మీట నొక్కిన మరుక్షణమే స్వరం వినిపించినట్లు మనకు తోస్తుంది.

ప్రత్యేక ఉత్తరాలు

స్వరం మొదలుపెట్టడం, ఆపడం, శబ్దం పెంచడం వంటివి అన్ని వాద్యాలకూ సామాన్యం. కాని ఒక్కొక్క కంపెనీ యంత్రంలో దానికే చెందిన విశేషాలు కొన్ని ఉంటాయి. వాటికోసం మిడిలో ఒక ప్రత్యేక సౌకర్యం ఉంది. దాని పేరు సిస్టమ్ ఎక్స్‌క్లూజివ్. వాడుకలో సిస్‌ఎక్స్ అంటారు. ఇందులో మొదటి సంఖ్య 240, చివరి సంఖ్య 247. మధ్యలో ఎన్ని విలువలైనా ఉండవచ్చు. అయితే అవన్నీ 127కు మించకూడదు.

240 తర్వాత వచ్చే సంఖ్య మన పిన్‌కోడ్ వంటిది. రోలాండ్‌కు 65, కోర్గ్‌కు 66, యమహాకు 67 అని కేటాయించారు. 65 ఉన్న ఉత్తరం తీగలో పోతుంటే యమహా పెట్టె “ఇది నాది కాదు” అని 247 వచ్చేవరకు ఊరుకుంటుంది. 125 పాఠశాలల్లో, ప్రయోగశాలల్లో వాడుకోవడానికి. 126, 127 మాత్రం ఏ కంపెనీ వారైనా అర్థం చేసుకోదగ్గ సార్వత్రిక ఉత్తరాలకు.

రోలాండ్ జి.ఎస్. రకం యంత్రాలను తొలి స్థితికి తెచ్చే ఉత్తరం ఇది:

240, 65, 16, 66, 18, 64, 0, 127, 0, 65, 247

మొదటి 65 కంపెనీ సంఖ్య. 16 యంత్రం సంఖ్య, 66 యంత్రం రకం. 18 అంటే “సమాచారం పంపుతున్నాను” అని. 64, 0, 127 అనేవి యంత్రం జ్ఞాపకంలోని చిరునామా. తర్వాతి 0 అక్కడ పెట్టవలసిన విలువ. మరి 247కు ముందున్న 65 ఏమిటి? అది కంపెనీ సంఖ్య కాదు, సరిచూసే సంఖ్య. చిరునామాను, విలువను కూడండి: 64 + 0 + 127 + 0 = 191. దీన్ని 128తో భాగిస్తే శేషం 63. 128లో నుంచి 63 తీసివేస్తే 65. అందుకున్న యంత్రం 191కి 65 కలుపుతుంది. 256 వస్తుంది. 128తో భాగిస్తే శేషం సున్న. శేషం మిగిలితే దారిలో ఏదో చెడిపోయిందని గ్రహించి ఆ ఉత్తరాన్ని పక్కన పెడుతుంది. పుస్తకాల అట్టమీద ఉండే ఐ.ఎస్.బి.ఎన్.లో చివరి అంకె కూడా ఇలాంటి కాపలాదారే.

కీబోర్డు గాంధారం ఎందుకు కుదరదు?

ఇప్పుడు మన పనికి వద్దాం. సంగీతం నేర్చుకొనేవారు తంబురా శ్రుతిలో అంతర గాంధారం పాడి, వెంటనే కీబోర్డులో అదే స్వరం వాయిస్తే, కీబోర్డు గాంధారం కాస్త ఎక్కువగా ఉన్నట్లు కనిపెడతారు. ఇది చెవి భ్రమ కాదు, లెక్కకు అందే విషయమే.

కీబోర్డులో ఒక స్థాయిని 12 సమభాగాలు చేశారు. ఒక్కొక్క భాగాన్ని 100 సెంట్లు అంటారు. స్థాయి మొత్తం 1200 సెంట్లు. షడ్జం నుంచి అంతర గాంధారం నాలుగవ మెట్టు, అంటే 400 సెంట్లు. ఈ పద్ధతిలో ఏ మీటనైనా షడ్జంగా తీసుకోవచ్చు. అదే దీని లాభం.

కాని తంబురా తీగ ఈ లెక్క ఎరుగదు. తీగను మీటినప్పుడు దాని మూల పౌనఃపున్యంతోపాటు రెండింతలు, మూడింతలు, నాలుగింతలు, అయిదింతలు ఉన్న అనుస్వరాలు కూడా పుడతాయి. అయిదవ అనుస్వరమే మన చెవికి గాంధారంలా వినిపిస్తుంది. దాన్ని షడ్జం ఉన్న స్థాయికి దించితే నిష్పత్తి 5/4. సెంట్లలో సుమారు 386. కీబోర్డు 400 అంటోంది, తంబురా 386 అంటోంది. తేడా 14 సెంట్లు.

ఈ తేడా ఎలా వినిపిస్తుంది? మధ్య ‘సి’ పౌనఃపున్యం 261.63 హెర్ట్జ్. దాని అయిదవ అనుస్వరం సుమారు 1308.1. కీబోర్డు గాంధారం, అంటే ‘ఇ’ మీట, 329.63. దాని నాలుగవ అనుస్వరం సుమారు 1318.5. ఈ రెండూ కలిసి మోగితే సెకనుకు పది విస్పందనాలు పుడతాయని మీ భౌతికశాస్త్ర పాఠం చెబుతుంది. ఆ గరగరనే చెవి గుర్తుపట్టి “కుదరలేదు” అంటుంది.

ఇది మన సంగీతంలో పాత తగాదా. హార్మోనియం స్వరాలు కదలవని, గమకం పలకవని, శ్రుతి కుదరదని విమర్శలు వచ్చాయి. 1940లో ఆలిండియా రేడియో తన ప్రసారాల్లో హార్మోనియాన్ని నిషేధించింది. 1971లో గాని ఆ నిషేధం కొంత సడలలేదు. హార్మోనియం శ్రుతి మార్చాలంటే పెట్టె విప్పి లోపలి ఇత్తడి రీడ్లను గీకాలి. ఎలక్ట్రానిక్ కీబోర్డుకైతే ఒక ఉత్తరం చాలు.

ఉత్తరం రాద్దాం

మిడిలో శ్రుతి సవరణకు ఒక సార్వత్రిక ఉత్తరం ఉంది. దానిలో ‘సి’ మొదలు ‘బి’ వరకు 12 మీటలకు వరుసగా 12 సంఖ్యలు ఇవ్వాలి. 64 అంటే మార్పు లేదని. 65 అంటే ఒక సెంటు ఎక్కువ, 63 అంటే ఒక సెంటు తక్కువ. అంటే 64 సెంట్లు తగ్గించవచ్చు, 63 సెంట్లు పెంచవచ్చు.

షడ్జం ‘సి’లో ఉందనుకొని ఒక్కొక్క స్వరానికి నిష్పత్తి, రావలసిన సెంట్లు, రాయవలసిన సంఖ్య చూడండి:

షడ్జం: 1, 0 సెంట్లు, 64
శుద్ధ రిషభం: 16/15, 112 సెంట్లు, 76
చతుశ్శ్రుతి రిషభం: 9/8, 204 సెంట్లు, 68
సాధారణ గాంధారం: 6/5, 316 సెంట్లు, 80
అంతర గాంధారం: 5/4, 386 సెంట్లు, 50
శుద్ధ మధ్యమం: 4/3, 498 సెంట్లు, 62
ప్రతి మధ్యమం: 45/32, 590 సెంట్లు, 54
పంచమం: 3/2, 702 సెంట్లు, 66
శుద్ధ ధైవతం: 8/5, 814 సెంట్లు, 78
చతుశ్శ్రుతి ధైవతం: 5/3, 884 సెంట్లు, 48
కైశికి నిషాదం: 9/5, 1018 సెంట్లు, 82
కాకలి నిషాదం: 15/8, 1088 సెంట్లు, 52

అంతర గాంధారం 14 సెంట్లు తగ్గాలి కనుక 64 – 14 = 50 అయింది. పంచమం 700కు బదులు 702 కావాలి కనుక 66 అయింది. మిగిలినవి మీరే సరిచూడండి.

ఇప్పుడు పూర్తి ఉత్తరం:

240, 126, 127, 8, 8, 3, 127, 127, 64, 76, 68, 80, 50, 62, 54, 66, 78, 48, 82, 52, 247

126 సార్వత్రిక ఉత్తరమని చెబుతుంది. తర్వాతి 127 అంటే “తీగకు తగిలించిన యంత్రాలన్నిటికీ” అని. 8, 8 అంటే స్థాయిలోని 12 స్వరాల సవరణ. 3, 127, 127 అంటే 16 చానెళ్లకూ వర్తిస్తుందని. తర్వాత పన్నెండు స్వరాలు, చివర 247. లెక్కపెట్టండి, 21 సంఖ్యలు. అయిదు పిన్నుల తీగలో ఇది చేరడానికి 21 × 320 = 6,720 మైక్రోసెకన్లు. సెకనులో నూరోవంతు కూడా కాదు!

యంత్రంలో ఎక్కించడం

ఈ ఉత్తరాన్ని కంప్యూటరు నుంచి పంపవచ్చు. లేదా మిడి కంట్రోలర్ అనే పెట్టెలో ఒక మీటకు అప్పగించవచ్చు. సిస్‌ఎక్స్ రాసుకొనే వీలున్న కంట్రోలర్లలో ఎడిట్ అనే అమరిక ఉంటుంది. అందులోకి వెళ్లి, మీట ఎంచుకొని, సందేశం రకంగా సిస్‌ఎక్స్ అని చూపి, సంఖ్యలు ఒక్కొక్కటే ఎక్కించి, భద్రపరచాలి. ఆ తర్వాత ఆ మీట నొక్కినప్పుడల్లా ఉత్తరం బయలుదేరుతుంది.

ఇక్కడ ఒక చిక్కు ఉంది. చాలా పెట్టెలు దశాంశ మానంలో కాక షోడశాంశ మానంలో సంఖ్యలు అడుగుతాయి. ఆ మానంలో 10కి ఎ, 11కి బి, 12కి సి, 13కి డి, 14కి ఇ, 15కి ఎఫ్ అనే గుర్తులు వాడతారు. 240 అంటే 15 × 16 + 0, కనుక ‘ఎఫ్0’. 247 అంటే ‘ఎఫ్7’. 126 అంటే ‘7ఇ’. 64 అంటే ‘40’. 50 అంటే ‘32’.

ఇది మరచి, 64 అనే దశాంశ సంఖ్యను అలాగే ఎక్కిస్తే ఏమవుతుంది? యంత్రం దాన్ని 6 × 16 + 4 = 100గా చదువుతుంది. షడ్జమే 36 సెంట్లు పెరుగుతుంది! గాంధారానికి 50 అని ఎక్కిస్తే అది 80 అవుతుంది. 14 సెంట్లు తగ్గవలసింది 16 పెరుగుతుంది. అందుకే ఎక్కించే ముందు తెర ఏ మానంలో అడుగుతోందో చూసుకోవాలి. 247 మరచిపోకూడదు. అది లేకపోతే ఉత్తరం ముగియలేదనుకొని యంత్రం ఎదురుచూస్తుంది.

అన్ని కీబోర్డులూ ఈ ఉత్తరాన్ని పాటించవు. వాద్యంతో ఇచ్చే పుస్తకం చివరి పుటల్లో మిడి పట్టిక ఉంటుంది. అందులో స్కేల్ ట్యూనింగ్ ఉందేమో చూడండి. 1999లో వచ్చిన జనరల్ మిడి 2 అనే ఒప్పందాన్ని పాటించే వాద్యాలు దీన్ని గ్రహిస్తాయి. ఇంకో జాగ్రత్త: అర్థం తెలియని సిస్‌ఎక్స్ సంఖ్యలను వేడుకకైనా పంపకండి. కొన్ని ఉత్తరాలు యంత్రం జ్ఞాపకంలో దాచుకున్న ధ్వనులను చెరిపి కొత్తవి రాయగలవు. ముందుగా ఉన్నవాటిని కంప్యూటరులో భద్రపరచుకోవడం మంచిది.

చెవితో పరీక్ష

ఎలక్ట్రానిక్ తంబురాను ‘సి’ శ్రుతిలో పెట్టండి. ధ్వని కదలకుండా నిలిచే ఆర్గన్ వంటిదాన్ని కీబోర్డులో ఎంచుకోండి. ‘సి’, ‘ఇ’ మీటలు కలిపి నొక్కి పట్టి వినండి. గరగర తెలుస్తుంది. మీటలు వదిలి, ఉత్తరం పంపి, మళ్లీ నొక్కండి. ఇప్పుడు విస్పందనాలు సుమారు నాలుగు సెకన్లకు ఒకటి మాత్రమే ఉంటాయి. అవి కూడా పూర్తిగా ఎందుకు పోలేదు? కావలసిన సవరణ 13.7 సెంట్లు. మనం పూర్ణసంఖ్యలే రాయగలం కనుక 14 తగ్గించాం. మిగిలిన ఆ 0.3 సెంటే ఈ మెల్లని ఊపు.

తర్వాత తెల్ల మీటల మీద ‘సి’ నుంచి పైకి వాయించండి. అవి 29వ మేళకర్త అయిన శంకరాభరణ రాగ స్వరాలు. ఉత్తరం పంపక ముందు, పంపిన తర్వాత పోల్చి వినండి.

ఇంతటితో కీబోర్డు వీణ అయిపోయిందా? కాలేదు. మనం సరిచేసింది స్వరం నిలిచే చోటును మాత్రమే. మన సంగీతంలో స్వరం కదులుతుంది. ఆ కదలికకు మిడిలో పిచ్ బెండ్ అనే వేరే ఆజ్ఞ ఉంది. అందులో రెండు విలువ బైట్లను కలిపి వాడతారు కనుక 128 × 128 = 16,384 మెట్లు ఉంటాయి. పైగా మనం తీసుకున్న నిష్పత్తులు ఒక వరుస మాత్రమే. ఉదాహరణకు, కైశికి నిషాదానికి 9/5కు బదులు 16/9 తీసుకొనేవారున్నారు. అప్పుడు 82కు బదులు 60 రాయాలి. ఏది సరి అన్నది పాడే రాగాన్ని బట్టి, మీ గురువుగారి చెవిని బట్టి తేల్చుకోవలసిన విషయం. యంత్రం దాన్ని నిర్ణయించదు. మీరు రాసిన సంఖ్యను పాటిస్తుంది, అంతే.

మీరు చేయండి

1. రోలాండ్ ఉత్తరంలో విలువ 0కు బదులు 1 అయితే సరిచూసే సంఖ్య ఎంత?

2. కైశికి నిషాదానికి రాసిన 82ను షోడశాంశ మానంలో రాయండి.

3. మీరు అయిదవ శ్రుతిలో పాడతారనుకుందాం. అంటే షడ్జం ‘జి’ మీటలో ఉంటుంది. కాని ఉత్తరంలో మొదటి స్థానం ఎప్పుడూ ‘సి’ మీటదే. అప్పుడు పన్నెండు సంఖ్యలు ఏ వరుసలో రావాలి?

జవాబులు: 1) మొత్తం 192, శేషం 64, కనుక సరిచూసే సంఖ్య 64. 2) 5 × 16 + 2, కనుక ‘52’. 3) ‘జి’ షడ్జమైతే ‘సి’ శుద్ధ మధ్యమం అవుతుంది. అక్కడ మొదలుపెట్టి 62, 54, 66, 78, 48, 82, 52, 64, 76, 68, 80, 50 అని రాయాలి. గాంధారం ఇప్పుడు చివరిదైన ‘బి’ మీటకు మారింది, గమనించారా?